కడిగి ఇచ్చిన కార్డు

రోజుకి నూరు ఫొటోలు తీసి ఒక్కటీ మళ్ళీ చూడని పిల్లలకి ఇది రాస్తున్నాను. చదివాక మీలో ఒక్కరైనా ఫొటోల్ని రెండో చోట కూడా దాచుకుంటే నా వేళ్ళ నొప్పికి ఫలితం దక్కినట్టే. దాచుకోకపోతే మీ ఖర్మ. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను, నా తప్పుతో సహా.

నేను చదివింది ఐదో తరగతి. అదీ చివరిదాకా కాదు. మా అన్నయ్యకి ఫొటో స్టూడియో ఉండేది. బడి మానేసిన మర్నాడే నన్ను టచింగ్ బల్ల ముందు కూర్చోబెట్టాడు. టచింగ్ అంటే, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద కనీ కనపడని చుక్కలు పెట్టి, మనిషి మొహం మీది ముడతలూ మచ్చలూ మాయం చేయడం. మా ఊళ్ళో యాభై దాటిన ఆడవాళ్ళందరికీ నేను పదేళ్ళు తగ్గించాను. ఒకావిడకి ఇరవై తగ్గించేస్తే వాళ్ళాయన గుర్తుపట్టక ఫొటో వెనక్కి పంపించాడు. అంతటి పనిమంతురాలిని.

తర్వాత పెళ్ళి, పిల్లలు, పెన్సిల్ అటకెక్కింది. చాలా ఏళ్ళకి మా అమ్మాయి గ్రీన్ కార్డు తెప్పిస్తే అమెరికాలో అరోరా అనే ఊరొచ్చాను. రెండు నెలలు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూశాను. ఏ కారు ఎవరిదో, ఎవరు గీత మీద నిలుపుతారో నాకు కంఠతా వచ్చేసింది. మూడో నెల, గుడికి వెళ్ళే దారిలో ఒక చిన్న ఫొటో కొట్టు అద్దానికి పనివాళ్ళు కావాలని కాగితం అంటించి ఉంటే, అమ్మాయిని కారు ఆపమన్నాను.

యజమాని ముసలాయన. చదువెంత అని అడగలేదు. ఒక నెగెటివ్ ముక్క బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని రెండంచులూ పట్టుకుని దీపానికెత్తి చూశాను, మధ్యలో వేలు తగలనివ్వకుండా. "సోమవారం రండి" అన్నాడు. అలా యాభై తొమ్మిదో ఏట అమెరికాలో ఉద్యోగం దొరికింది. చీర, దాని మీద నల్ల ఉన్ని స్వెట్టర్, కాళ్ళకి మేజోళ్ళు, మంచు బూట్లు. అదే నా యూనిఫారం.

అక్కడ నాతో పని చేసేవాడు ఒకే ఒక్కడు, ప్రింటింగ్ మెషిన్ చూసుకునే పొడుగాటి మనిషి. మీసాలు గుబురు. అతని ఇంగ్లీషులో సగం నాకు అర్థమయ్యేది, మిగతా సగం ఆ మీసాల్లో ఉండిపోయేది. నా పని ప్రింట్లు కత్తిరించి కవర్లలో పెట్టడం. అయినా నన్ను "బాస్" అని పిలిచేవాడు. ఎందుకంటే కత్తిరించగా మిగిలిన కాగితం పేలికల్ని పారేయనిచ్చేదాన్ని కాదు. కట్ట కట్టి, వెనకవైపు చీటీలు రాసుకోవడానికి వాడేదాన్ని. అతను మధ్యాహ్నం తిన్న శాండ్‌విచ్ చుట్టిన రేకు కాగితం కూడా సాపు చేసి మడిచి అతని సంచిలోనే పెట్టేదాన్ని.

"బాస్, ఇది చెత్త."

"రేపు శాండ్‌విచ్ దేనిలో తెచ్చుకుంటావ్?"

"కొత్త రేకులో."

"ఇదేం చచ్చిందని?"

నెల తిరిగేసరికి పాత రేకులోనే తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

అవి ఫిల్మ్ రోల్సు తగ్గిపోయి మెమరీ కార్డులు వస్తున్న రోజులు. పనేమీ బ్రహ్మవిద్య కాదు. కార్డు మెషిన్‌లో పెట్టాలి, ఫొటోలు అందులోకి కాపీ అవుతాయి, సీడీలోకి ఎక్కించాలి, ప్రింట్లు తీయాలి, కార్డు తిరిగి ఇచ్చేయాలి. అంతే.

మా దగ్గరికి ఒక తెలుగమ్మాయి వచ్చేది. కరీంనగర్ వైపు పిల్ల. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పేదట. ఇక్కడ భర్త వీసా మీద ఉంది కాబట్టి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ పిల్లకి ఫొటోల పిచ్చి. మామూలు పిచ్చి కాదు. పువ్వులూ పిట్టలూ అయ్యాక, ఆ చలికాలం మంచు రేకుల మీద పడింది. ఆకాశం నుంచి పడే ఒక్కొక్క రేకునీ, అది కరిగేలోపు, నల్లటి గుడ్డ మీద పట్టి ఫొటో తీయాలట. కెమెరా లెన్స్‌ని తిరగేసి, వెనకవైపు ముందుకొచ్చేట్టు తగిలిస్తే అంత చిన్నదీ పెద్దగా కనిపిస్తుందట.

"లెన్స్ తిరగేసి బిగించమని ఎవరు చెప్పారే నీకు?"

"ఆన్‌లైన్ల ఉన్నది ఆంటీ. ఫోరమ్‌ల ఒకాయన చెప్పిండు."

"ఎంత తీసుకున్నాడు?"

"ఏం తీసుకోలే. అంతా ఫ్రీ."

"ఊరికే ఎందుకు చెప్తాడు? వాడికేం లాభం?"

"వాళ్ళకు ఫొటోలంటే పిచ్చి ఆంటీ. నాలెక్కనే."

"పిచ్చివాళ్ళ మాట విని మంచి లెన్సు తిరగేశావా!"

ఆ పిల్ల నవ్వి, నా కాగితం పేలిక ఒకటి లాక్కుని దాని వెనక నాలుగు వెబ్‌సైట్లు రాసిచ్చింది. ఒకటి, ఫొటో తీయడం మొదటినుంచీ నేర్పే పాఠాలు. రెండోది లెక్క: ఏ లెన్సుతో ఎంత దూరంలో నిలబడితే ఎంతమేర స్పష్టంగా వస్తుందో చెప్తుంది. మూడోది, మబ్బు ఎటునుంచి వస్తోందో, మంచు ఎన్నింటికి పడుతుందో చూపించే పటం. నాలుగోది ఆ ఫోరమ్: ఎవరైనా ప్రశ్న అడగచ్చు, తెలిసినవాళ్ళు జవాబు చెప్తారు, ఫొటో పెడితే బాగుందో లేదో మొహమాటం లేకుండా అంటారు.

"చూడుండ్రి ఆంటీ, మీకు మంచిగనిపిస్తది" అంది.

నేను ఆ చీటీని టిఫిన్ డబ్బా మూత కింద పెట్టుకున్నాను. పారేయలేదు, చూడనూ లేదు. ఊరికే వచ్చేదాన్ని నమ్మడం నాకు అలవాటు లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ ఏడు మొదటి మంచు పడినరోజు నేను కొట్టు గుమ్మం ముందు మంచు కరగడానికి ఉప్పు చల్లుతున్నాను. ఆ పిల్ల పార్కింగ్ లాట్‌లోంచి జారుకుంటూ వస్తోంది. "మెల్లిగా రావే, నడుం విరిగితే ఎవరు చూస్తారు!" అని నోరు తెరిచానో లేదో, టక్కుమని ఫొటో తీసింది.

"తీసెయ్ అది."

"ఒక్కసారి చూడుండ్రి ఆంటీ, మీ భుజం మీద..."

"తీసెయ్ అన్నానా! ఈ మొహానికి టచింగ్ చేసేవాళ్ళు ఈ దేశంలో లేరు."

నా ఎదురుగానే తీసేసింది. నేను కెమెరాలోకి తొంగి చూసి మరీ రూఢి చేసుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక వారం, గాలి లేకుండా, ఎండు చలిలో మంచు పడింది. ఆ పిల్ల మూడు రోజులు బాల్కనీలో మోకాళ్ళ మీదే కూర్చుంది. నాలుగో రోజు, గురువారం, పొద్దున్నే కొట్టు తలుపు తీసేసరికి నిలబడి ఉంది. ముక్కు ఎర్రగా, కళ్ళు మతాబుల్లా.

"వచ్చినయ్ ఆంటీ! ఈసారి మంచిగొచ్చినయ్!"

కెమెరా తెర మీద రెండు చూపించింది. పిల్లలూ, నేను ముగ్గులు పెట్టిన చేతులదాన్ని. ఆరు మూలలు, మూలకో కొమ్మ, కొమ్మకి రెండేసి రెమ్మలు, రెమ్మ చివర చుక్క. ఎవరు పెట్టారమ్మా ఇంత ఓపిగ్గా, అది కూడా కరిగిపోతుందని తెలిసి, అనిపించింది. పైకి మాత్రం "ఊఁ, ఫరవాలేదు" అన్నాను.

ఊరి లైబ్రరీలో ఏటా సరదాకి ఫొటోలు తీసేవాళ్ళవి గోడకి పెడతారు. ఆ ఏడు ఆ పిల్లకి ఒక గోడ ఇచ్చారు. పన్నెండు ఫొటోలు పట్టే గోడ. శనివారం పొద్దున్న తగిలించాలి.

"ఈ దేశంల నా పేరున్న కాగితాలు చానా ఉన్నయ్ ఆంటీ" అంది కార్డు నా చేతిలో పెడుతూ. "అన్నిట్ల పక్కన డిపెండెంట్ అని ఉంటది. ఈ గోడ మీద ఉండదు."

నేను తుడిచిన కౌంటర్‌నే మళ్ళీ తుడిచాను.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. పక్కింటివాళ్ళ గిన్నె మన ఇంటికొస్తే, కడిగి ఇస్తాం. ఖాళీగా ఇవ్వకుండా అందులో చిటికెడు పంచదారైనా వేస్తాం. ఆ పిల్ల ఒకసారి "పాతవీ కొత్తవీ కలిసిపోతున్నయ్ ఆంటీ, సీడీ చేసినంక కార్డు ఖాళీ చేసియ్యరా" అని అడిగింది. అప్పటినుంచి ఆమె కార్డు ఎప్పుడొచ్చినా కాపీ అయ్యాక మొత్తం చెరిపేసి, కవర్లో పెట్టి, కౌంటర్ మీది గిన్నెలోంచి ఒక పిప్పరమెంటు బిళ్ళ వేసి ఇచ్చేదాన్ని. దాన్ని నేను కార్డు కడగడం అనుకునేదాన్ని. పొడుగాయన చూసి "మనవి కాని వాటి మీద చెయ్యి వేయకు బాస్" అనేవాడు. "మా దేశంలో ఎంగిలి గిన్నె తిరిగివ్వం" అనేదాన్ని.

ఆ గురువారం కార్డు మెషిన్‌లో పెట్టాను. కౌంటర్ దగ్గరికి ఇద్దరు వచ్చారు, మాట్లాడి పంపించాను. తిరిగొచ్చి చూస్తే తెర మీద 'అయిపోయింది' అని ఉంది. ఆ పిల్ల పేరు మీద సీడీ ఎక్కించాను, కార్డు తీశాను, కడిగాను, కవర్లో పెట్టాను, బిళ్ళ వేశాను. పన్నెండింటికి ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. పటంలో చూసిందట, ఒంటిగంటన్నరకి మళ్ళీ మంచు. "కార్డు ఇస్తరా ఆంటీ?" అంది. ఇచ్చాను. బిళ్ళ బుగ్గన పెట్టుకుని పరిగెత్తింది.

రెండు కావస్తుండగా ప్రింట్లు మొదలుపెడదామని ఆమె పేరు మీద చేసిన సీడీ తెరిచాను.

తెర మీద ఒక కుక్క. నెత్తిన కోసుగా ఉన్న కాగితం టోపీ. తర్వాత ఫొటోలో అదే కుక్క, ముందర కేకు. తర్వాత కుక్క, కేకు, ఇంకో కుక్క. అరవై ఫొటోలు కుక్క పుట్టినరోజు. మంచు రేకు ఒక్కటి లేదు.

నేను 'అయిపోయింది' అని చదివింది, అంతకుముందు పెట్టిన ఇంకెవరిదో కార్డుకి, ఆ కుక్కగారి కాపీకి. ఆ పిల్ల కార్డుని మెషిన్ ఇంకా ముట్టుకోనే లేదు. ముట్టుకోకముందే నేను దాన్ని కడిగేశాను.

కూర్చున్నాను. కుర్చీ లేదని కింద పడ్డాక తెలిసింది. పొడుగాయన వచ్చి లేపాడు. తెర వంక చూశాడు, నా వంక చూశాడు.

"బాస్, ఇవి మంచు ఫొటోలు కాదు."

"తెలుస్తూనే ఉంది!"

"కార్డు?"

"కడిగాను."

మీసాలు కిందికి వాలిపోయాయి. "పోయినవి పోయినట్టే. ఆమెకి చెప్పాలి. ముసలాయనకీ చెప్పాలి."

ఆ పిల్ల ఫోన్‌కి చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అబద్ధమెందుకు, మూడోసారి ఎత్తకూడదని మొక్కుకున్నాను కూడా. ఎత్తితే ఏం చెప్పను? నెగెటివ్ మధ్యలో వేలు తగలనివ్వనిదాన్ని, మూడు రోజుల ఆకాశం తుడిచేశానని చెప్పనా?

అప్పుడు టిఫిన్ డబ్బా గుర్తొచ్చింది. మూత తీసి ఆ చీటీ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాలుగో వరస, ఫోరమ్. పొడుగాయన ఏదో పేరు పెట్టి నన్ను చేర్పించాడు. టైపు మాత్రం నేనే చేశాను. మీట మీద అక్షరం ఎలా ఉంటే అలాగే పడాలని పెద్ద అక్షరాలకి సర్దుకుని, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ నా ఇంగ్లీషులో రాశాను. "కార్డు చెరిపాను. మంచు అంతా పోయింది. నాది కాదు. ప్లీజ్ చెప్పండి."

నిమిషం తిరక్కుండా ఎవరో రాశారు: "మేడమ్, మా మీద అరవకండి."

అన్నీ పెద్ద అక్షరాల్లో రాస్తే అక్కడ అరిచినట్టట. నాకేం తెలుసు? "అరవడం లేదు. ఏడుస్తున్నాను" అని మళ్ళీ పెద్ద అక్షరాల్లోనే రాశాను.

అంతే, వరసగా పడ్డాయి జవాబులు. ఒకరు ధైర్యం చెప్పారు. ఒకరు తన పెళ్ళి ఫొటోలే చెరిపేసుకున్న కథ మొదలుపెట్టారు. పేరు బదులు కొంగ బొమ్మ పెట్టుకున్న ఒకాయన మాత్రం సూటిగా విషయానికొచ్చాడు. చెరిపినంత మాత్రాన ఫొటోలు పోవట, పైన ఇంకో ఫొటో పడేదాకా కింద అలాగే ఉంటాయట. వాటిని వెతికి తీసే ప్రోగ్రాం ఒకటి ఉందట. ఎక్కడ దొరుకుతుందో రాశాడు.

"ఎంత?" అని రాశాను.

"ఏమీ లేదు."

"తర్వాత?"

"తర్వాత కూడా ఏమీ లేదు. కానీ అవి తిరిగొస్తే ఒక్క మంచు రేకు మాకు చూపించండి. ముందు చెప్పండి, కార్డు ఎక్కడుంది?"

"దాని యజమాని దగ్గర. ఇప్పుడు ఫొటోలు తీస్తోంది."

ఈసారి అరిచింది అతను. తెర నిండా పెద్ద అక్షరాలు: "ఆపండి ఆమెని!"

అద్దంలోంచి బయటికి చూశాను. మంచు పడుతోంది. మెత్తగా, తీరిగ్గా, ఎంత అందంగానో పడుతోంది దిక్కుమాలిన మంచు!

పొడుగాయన అప్పటికే తాళాలు తీశాడు. తలుపుకి 'ఇప్పుడే వస్తాం' బోర్డు తగిలించాం. అతని ట్రక్కు నా నడుం ఎత్తు. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఎక్కబోతే బూటు జారింది. మళ్ళీ ఎక్కబోతే మళ్ళీ జారింది. "క్షమించు బాస్" అని, బియ్యం బస్తా వేసినట్టు నన్ను లోపల వేశాడు. కోపం తెచ్చుకునే తీరిక లేదు.

దారంతా అతను మెల్లిగా పోనిచ్చాడు, నేను వేగంగా పొమ్మన్నాను. ఎర్ర దీపం దగ్గర ఆగితే, "ఒక ఫొటో" అన్నాను. ఇంకో దీపం దగ్గర, "ఇంకో ఫొటో." అతను పగలబడి నవ్వుతున్నాడు. నాకూ నవ్వొస్తోంది. ఏడవాల్సిన వేళ నవ్వు వస్తే ఎంత ఆపుకున్నా ఆగదు, మీకెప్పుడైనా అనుభవమైందో లేదో.

ఆ పిల్ల అపార్ట్‌మెంటు వెనక్కి పోనిచ్చాం. రెండో అంతస్తు బాల్కనీ. నల్ల గుడ్డ పరుచుకుని, కెమెరా మీదికి వంగి, ఊపిరి బిగబట్టి ఉంది. ఊపిరి తగిలితే రేకు కరుగుతుంది కదా. నేను ట్రక్కులోంచి దూకాను. దూకానంటే, జారాను. మోకాళ్ళ లోతు మంచులో నిలబడి, నా జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను.

"నొక్కకే! నొక్కకు!"

పైనా కిందా నాలుగు బాల్కనీల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఆ పిల్ల తల వంచి చూసింది.

"ఏమైంది ఆంటీ? గిట్ల ఉరికొచ్చిన్రు?"

"చెయ్యి తియ్! దాని మీంచి చెయ్యి తియ్ ముందు! ఎన్ని తీశావు?"

"తొమ్మిది."

"ఇంకొకటి తీస్తే ఊరుకోను!"

పొడుగాయన నా వెనక నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు, పోలీసులకి లొంగిపోయినవాడిలా. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

పైకి వెళ్ళి చెప్పాను. కప్పిపుచ్చలేదు, మెషిన్ మీదికి తోయలేదు. కుక్క సంగతీ చెప్పాను. ఆ పిల్ల వింటూ వింటూ నల్ల గుడ్డ మీది మంచు దులపడం ఆపేసింది. కెమెరాలోంచి కార్డు తీసి నా అరచేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది. అప్పటిదాకా వచ్చిన నవ్వంతా ఆ చిన్న ముక్క బరువుకి కిందికి దిగిపోయింది.

ముగ్గురం కొట్టుకి తిరిగొచ్చాం. కొంగాయన చెప్పిన ప్రోగ్రాం కంప్యూటర్‌లోకి దించమంటే పొడుగాయన సందేహించాడు. "తెలియనివి దించద్దని ముసలాయన మాట, బాస్."

"బాస్ అని పిలిచేది ఎవర్ని?"

"నిన్ను."

"అయితే దించు."

దించాడు. తీసిన ఫొటోలు మళ్ళీ అదే కార్డులో పెట్టకూడదని, వేరే చోట దాచాలని కొంగాయన ముందే మరీ మరీ చెప్పాడు. అలాగే చేశాం. తెర మీద ఒక గీత మెల్లిగా నిండడం మొదలుపెట్టింది. ముగ్గురం దాని ముందు, పొయ్యి మీద పాలు పెట్టుకున్నట్టు, రెప్ప వేయకుండా కూర్చున్నాం.

మొదట ఆ రోజు తీసిన తొమ్మిదీ వచ్చాయి. తర్వాత ఏమీ లేదు. ఆ పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. అప్పుడు ఒక మూల చిన్న బొమ్మ తెరుచుకుంది. ఆరు మూలలు. మూలకో కొమ్మ.

"అగో!" అంది ఆ పిల్ల.

ఇంకొకటి. ఇంకో రెండు. తర్వాత ఇక ఆగలేదు. బయట పడుతున్నట్టే తెర మీద కూడా మంచు పడటం మొదలైంది. పొడుగాయన ఈల వేశాడు. నేను ఇద్దరికీ గిన్నెలోంచి చెరో పిప్పరమెంటు ఇచ్చి, నేనూ ఒకటి వేసుకున్నాను. ఆ కొట్లో చేరాక ఆ గిన్నెలోంచి నేను నా కోసం తీసుకున్న బిళ్ళ అదొక్కటే.

ఆ పిల్ల చివరిదాకా చూసి, ఎంచుకున్న పన్నెండూ వెతికింది. పదకొండు ఉన్నాయి. అన్నిటికన్నా మంచిదని మొదట నాకు చూపించిందే, దాని మీద కొత్త ఫొటో పడిపోయింది. అది ఇక రాదు.

"నా వల్లే" అన్నాను.

"పదకొండు వచ్చినయ్ కదా ఆంటీ" అంది. చున్నీ కొస మాత్రం మళ్ళీ వేలికి చుట్టుకుంది.

తర్వాత తెర కిందికి జరుపుకుంటూ, అవేవో పాతవి కూడా వచ్చాయని చూస్తూ, ఒకచోట ఆగింది. ఏమిటే అని వంగబోతే చప్పున మూసేసింది. "ఏం లేదు ఆంటీ. పన్నెండోది ఇది చాలు. దీని ప్రింటు మాత్రం సార్ తీస్తరు, మీరు చూడొద్దు" అని పొడుగాయన వైపు తిరిగింది. అతను మీసాల్లో నవ్వుకున్నాడు. తప్పు చేసినదాన్ని కదా, గట్టిగా అడగలేకపోయాను.

మర్నాడు ముసలాయనకి నేనే చెప్పాను. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. "ఒక బోర్డు రాయి. మేము ఎవరి కార్డూ చెరపము, అని. నీ చేత్తోనే రాయి" అన్నాడు. పెద్ద అక్షరాల్లోనే రాశాను. అరిచినట్టే ఉండాలని ఈసారి కావాలనే రాశాను. కొట్టు మూసేసేదాకా అది కౌంటర్ మీదే వేలాడింది. మూసేసినప్పుడు నేను తెచ్చుకున్నాను. వెనకవైపు ఖాళీగా ఉంది కదా, పచారీ చీటీలకి పనికొస్తుంది.

శనివారం పదింటికి లైబ్రరీకి వెళ్ళాను. గోడ మీద ఆ పిల్ల పేరు, దాని పక్కన ఇంకేమీ లేదు. పేరు కింద పదకొండు మంచు రేకులు. పిల్లలు మూలలు లెక్కపెడుతున్నారు, పెద్దవాళ్ళు కళ్ళజోళ్ళు సర్దుకుంటున్నారు. ఆ పిల్ల మొగుడు ఎవరు దగ్గరికొస్తే వాళ్ళకి "నా భార్య తీసింది" అని చెప్తున్నాడు, అడగనివాళ్ళకి కూడా.

పన్నెండోది చివర్న ఉంది. నల్ల ఉన్ని స్వెట్టర్ భుజం, దాని మీద ఆరు మూలల మంచు రేకు, కొమ్మా రెమ్మా చెక్కుచెదరకుండా. దాని వెనక కొంచెం మసగ్గా ఒక ముసలామె మొహం. చేతిలో ఉప్పు డబ్బా. నోరు సగం తెరిచి ఉంది. నా కళ్ళ ముందే తీసేసిన ఫొటో. నేను తొంగి చూసి రూఢి చేసుకున్న ఫొటో. నేను కార్డు కడిగిన ప్రతిసారీ అది అడుగున అంటుకునే ఉందన్న మాట.

దగ్గరికి వెళ్ళి చూశాను. నుదుటి మీద నాలుగు ముడతలు. కళ్ళ కింద సంచులు. కుడి చెంప మీద మచ్చ. ఊళ్ళో అందరి మొహాలూ నున్నగా చేసినదాన్ని, నా మొహం మీద ఒక్క పెన్సిల్ చుక్క లేదు.

ఆ పిల్ల పక్కకొచ్చి నిలబడింది. భయపడుతోంది, తెలుస్తూనే ఉంది.

"టచింగ్ చెయ్యకుండా ఎవరైనా గోడకెక్కిస్తారటే?"

"చెయ్యనియ్య ఆంటీ. ఎవ్వర్నీ ముట్టనియ్య."

"ఊఁ" అన్నాను. ఇంకాసేపు చూశాను. "భుజం మీది రేకు బాగా వచ్చింది."

"ఫరవాలేదా ఆంటీ?"

"బాగా వచ్చింది అన్నానా!"

ఆ పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేసింది. లైబ్రరీలో అలాంటివి చేయకూడదని చెప్పాను. వినలేదు.

సోమవారం మధ్యాహ్నం పొడుగాయన శాండ్‌విచ్ తింటుండగా ఫోరమ్ తెరిచాను. ఒక్క మంచు రేకు చూపించమని కొంగాయన అడిగాడు కదా. ఊరికే ఇచ్చినవాళ్ళ మాట దాటేస్తే ఎలా? పదకొండింటిలో ఏది పెట్టాలో, అప్పుడే కొట్టుకొచ్చిన ఆ పిల్లనే అడిగాను. ఏమీ ఆలోచించకుండా పన్నెండోది పెట్టేసింది.

అక్కడి పద్ధతి ప్రకారం అందరూ మొహమాటం లేకుండా చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు వెలుతురు బాగుందన్నారు. ఒకరు ఎడమవైపు కొంచెం కత్తిరించాలన్నారు. చివరికి కొంగాయన రాశాడు: "మంచు రేకు చాలా స్పష్టంగా ఉంది. వెనక ఉన్నావిడ మాత్రం నన్ను తిట్టబోతున్నట్టుంది."

ఆ పిల్ల జవాబు రాయబోతే చెయ్యి పక్కకి నెట్టి, మీటలు నేనే వెతుక్కున్నాను. మూడే ఇంగ్లీషు అక్షరాలు, అన్నీ పెద్దవే: "యెస్."